ముక్కూ మొహం తెలియని ఇంట్లో ఆరు వారాలు

పదహారేళ్ళ పిల్లను, భాష అంతంతమాత్రంగా తెలిసిన దేశంలో, ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో ఆరు వారాలు ఉండి రమ్మని పంపడమంటే ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఈ మాట సాధారణంగా చలికాలంలో మొదలవుతుంది. స్కూల్లో ఎవరో వచ్చి చెప్పి వెళ్తారు. స్నేహితురాలు పేరిచ్చేస్తుంది. ఇంకేముంది, మన పిల్లా పట్టుబడుతుంది. వేసవి సెలవుల్లో పనామాకో కోస్టారికాకో పరాగ్వేకో వెళ్ళి, ఒక పల్లెలో ఒక కుటుంబంతో కలిసి ఉండి, ఆ ఊరికి ఏదైనా మంచి పని చేసి వస్తానంటుంది. నాన్న అడుగుతాడు: "అక్కడికెళ్ళి నువ్వు చేసే పనేమిటి?" అమ్మ అడుగుతుంది: "నీకు తిండి ఎవరు పెడతారు?"

నాన్న ప్రశ్న పెద్దదిగా, అమ్మ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తాయి. ఈ కార్యక్రమాల చరిత్రా, వాటి మీద వచ్చిన విమర్శలూ చదివేకొద్దీ అమ్మ ప్రశ్నే అసలైనదని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎందుకో నెమ్మదిగా చెబుతాను.

ఇలాంటి కార్యక్రమాలు చాలా ఉన్నాయి. అన్నిటి గురించీ పైపైన చెప్పడం కన్నా ఒకదాన్ని పట్టుకుంటే విషయం తేటపడుతుంది. హ్యూస్టన్‌లో పుట్టిన 'అమీగోస్ దె లాస్ అమెరికాస్' అనే లాభాపేక్ష లేని సంస్థను తీసుకుందాం. స్పానిష్‌లో ఆ పేరుకు అమెరికా ఖండాల మిత్రులు అని అర్థం. 1965లో రివర్ ఓక్స్ బాప్టిస్ట్ చర్చిలో యువజనుల బాగోగులు చూసే గై బెవిల్ అనే పాస్టరు కొంతమంది కుర్రకారును వెంటబెట్టుకుని హోండురాస్ వెళ్ళారు. అప్పుడక్కడ పసిపిల్లల్ని పోలియో పట్టి పీడిస్తోంది. టీకా అప్పటికే వచ్చేసింది. కొండల్లో, దారీ తెన్నూ లేని పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి వేసే మనుషులే చాలరు. ఆ పని ఈ పిల్లలు చేశారు.

ఇక్కడ నాన్న ప్రశ్నకు సూటి జవాబు ఉంది. ఏం చేశావంటే టీకా వేశాననొచ్చు. అవసరం కళ్ళముందు ఉంది, పని చెయ్యడానికి నేర్పు కొంచెం చాలు, ఫలితం ఒక పసివాడి రెండు కాళ్ళు. ఇంత స్పష్టమైన పని టీనేజీ పిల్లల చేతికి దొరకడం చాలా అరుదు.

తర్వాతి కథ కూడా చెప్పాలి. 1985లో అమెరికా ఖండాల ఆరోగ్య సంస్థ పోలియోను పూర్తిగా తరిమెయ్యాలని పూనుకుంది. ఆయా దేశాల ఆరోగ్య శాఖలు, రోటరీ వాళ్ళు, లక్షల మంది స్థానిక కార్యకర్తలు కదిలారు. సహజ పోలియో వైరస్ ఆ ఖండాల్లో చివరిసారి కనిపించింది 1991లో, పెరూలో. 1994లో పోలియో పోయిందని ధ్రువీకరించారు. తన సొంత నర్సు ఉన్న ఊరికి టీకా వెయ్యడానికి బయటి దేశం నుంచి పదహారేళ్ళ పిల్ల రానక్కర్లేదు. సంస్థ పని కూడా అందుకు తగ్గట్టే మారుతూ వచ్చింది. కొన్నేళ్ళు మరుగుదొడ్లు కట్టారు, పొయ్యిలు వేశారు. ఇప్పుడు ఎక్కువగా ఊరి పిల్లలతో ఆటపాటలు, చిన్న శిబిరాలు, ఊరివాళ్ళే ఎంచుకున్న ఒక చిన్న పని. బడి గోడకు రంగులు కావచ్చు, కూరగాయల మడి కావచ్చు, సమావేశాల గది మరమ్మతు కావచ్చు.

ఏర్పాట్లు ఇలా ఉంటాయి. బయల్దేరే ముందు కొన్ని నెలలు శిక్షణ ఉంటుంది. భాష, ఆరోగ్య జాగ్రత్తలు, సభ ఎలా నడపాలి, చిన్నపిల్లలతో ఎలా మెలగాలి అన్నీ అందులోనే నేర్పుతారు. అక్కడికెళ్ళాక ఒక్కొక్క ఊరికి ఇద్దరో ముగ్గురో. వాళ్ళకంటే కొంచెం పెద్ద వయసున్న పర్యవేక్షకులు, చాలాసార్లు ఒకప్పుడు ఇలాగే వెళ్ళొచ్చినవాళ్ళే, వరసగా ఊళ్ళు తిరుగుతూ వీళ్ళని చూసిపోతుంటారు. కుటుంబం తనకు ఉన్నంతలో ఒక మంచం, ఒక కంచం చూపిస్తుంది. వెళ్ళే పిల్లల నుంచి వసూలు చేసే రుసుము వేల డాలర్లలో ఉంటుంది. విమానం టికెట్టు, బీమా, సిబ్బంది జీతాలు, శిక్షణ, కుటుంబానికి భోజన ఖర్చు, ఊరి పనికి కొంత మూలధనం అన్నీ అందులోంచే రావాలి. ఏ భాగం ఎంతో అడిగితే మంచి సంస్థ దాచదు.

పరాయి ఊళ్ళో శ్రమదానం అనే ఆలోచన ఇంకా పాతది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1920లో పియేర్ సెరెసోల్ అనే స్విస్ ఇంజనీరు, ఫ్రాన్స్‌లో వెర్డన్ దగ్గర నేలమట్టమైన ఎన్ అనే పల్లెకు కొద్దిమందిని తీసుకెళ్ళాడు. వాళ్ళలో జర్మన్లు కూడా ఉన్నారు. మొన్నటిదాకా ఆ ఊరిని ఫిరంగులతో పేల్చిన దేశం మనుషులు ఇప్పుడు పారలు పట్టుకుని వచ్చారు. అందరూ సహించలేదు. కొన్ని నెలలకే ఆ పని ఆగిపోయింది. కానీ ఆ బీజం బతికింది. అదే సెరెసోల్ 1934లో బిహార్ భూకంపం తర్వాత మన దేశానికి వచ్చి, ముజఫర్‌పూర్ ప్రాంతంలో ఊళ్ళు తిరిగి కట్టే పనిలో చెయ్యి వేశాడు. 1932లో అమెరికాలో డొనాల్డ్ వాట్ మరో దారి తొక్కాడు. పరాయి దేశాన్ని హోటల్లో ఉండి తెలుసుకోలేం, ఒక ఇంట్లో బిడ్డలా ఉండాలి అన్నది ఆయన నడిపిన ప్రయోగానికి గుండెకాయ. ఈనాటి వేసవి కార్యక్రమాలు ఈ ఇద్దరి ఆలోచనల కలయికే. ఒకటి పార, రెండోది కంచం.

మనకు పార సంగతి తెలుసు. గాంధీజీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న మొదలైన జాతీయ సేవా పథకం ఎన్ఎస్ఎస్‌లో చేరి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికి ఏదో ఒక పల్లెకు వెళ్ళినవాళ్ళు తెలుగు నేలమీద ఎంతోమంది. నేనూ వెళ్ళాను. ఊరి బడిలో పడుకున్నాం, చెరువుగట్టు దాకా మట్టి బాట వేశాం. ఆ బాట ఆ వానాకాలమే కొట్టుకుపోయిందని తర్వాత తెలిసింది. నాకు ఇప్పటికీ గుర్తున్నది బాట కాదు. మూడో రోజు చేతులు బొబ్బలెక్కితే, ఒక ముసలమ్మ నా చేతిలోంచి పార తీసుకుని, "అట్టా కాదయ్యా, నడుం వంచకు, మోకాలు వంచు" అని చూపించి, ఇంట్లోంచి చెంబుడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ ఊరికి సాయం చెయ్యడానికి వెళ్ళినవాడిని నేను. పని నేర్పిందీ దాహం తీర్చిందీ ఆవిడ.

ఈ తారుమారును అందరికన్నా కటువుగా చెప్పినవాడు ఇవాన్ ఇలిచ్. ఆస్ట్రియాలో పుట్టి, కాథలిక్ పూజారి అయి, మెక్సికోలోని క్వెర్నవాకాలో అధ్యయన కేంద్రం నడిపిన మనిషి. 1968 ఏప్రిల్ 20న, మెక్సికో పల్లెల్లో వేసవి సేవకు సిద్ధమవుతున్న అమెరికా విద్యార్థుల సభకు ఆయన్ని పిలిచారు. పిలిచినవాళ్ళ ముఖం మీదే ఆయన ఈ సేవ వద్దన్నాడు. సారాంశం ఇది: మీరు తెచ్చేది మీ మధ్యతరగతి జీవితం గొప్పదన్న ప్రచారమే. వాళ్ళ భాష మీకు సరిగ్గా రాదు. వాళ్ళు మిమ్మల్ని తిట్టినా మీకు అర్థం కాదు. సేవ చెయ్యాలని ఉంటే మిమ్మల్ని పొమ్మనగలిగినవాళ్ళ మధ్య, మీ దేశంలోనే చెయ్యండి. ఇక్కడికి చూడటానికి రండి, చదువుకోవడానికి రండి, కొండలెక్కండి, పూలు చూసి ఆనందించండి. సాయానికి మాత్రం రాకండి.

యాభై ఏళ్ళు దాటినా ఆ ప్రసంగాన్ని ఈ రంగంలో ఉన్నవాళ్ళు ఇంకా చదువుతున్నారు. చదివించే సంస్థలే మంచివని నా నమ్మకం. ఇలిచ్ మాటలో కీలకం 'పొమ్మనగలగడం'. ఆంధ్రలో 2019 నుంచి కొన్నేళ్ళపాటు వాలంటీర్ అంటే ఇంటికి పింఛను తెచ్చిచ్చే మనిషి. ఆ మనిషిది ఆ ఊరే. తన 50 ఇళ్ళలో ఎవరికి మోకాళ్ళ నొప్పో, ఎవరి కొడుకు పలకడో తెలుసు. పని చెయ్యకపోతే వీధిలో నిలబెట్టి అడగొచ్చు. విమానం దిగిన వాలంటీరును అలా అడిగే మనిషి ఎవరు?

అడిగేవాళ్ళు లేనప్పుడు ఏమవుతుందో 2014లో అమెరికా రచయిత్రి పిప్పా బిడిల్ తన అనుభవం రాసి చూపించారు. హైస్కూల్లో ఉండగా వాళ్ళ బృందం టాంజానియాలో ఒక అనాథాశ్రమానికి గ్రంథాలయం కట్టడానికి వెళ్ళింది. పిల్లలు పగలంతా ఇటుకలు పేర్చేవారు. వంకరటింకరగా వచ్చిన ఆ గోడలను స్థానిక మేస్త్రీలు రాత్రిపూట విప్పి, సరిగ్గా పేర్చి, తెల్లారేసరికి ఏమీ తెలియనట్టు ఉంచేవారట. పిల్లలు చిన్నబుచ్చుకోకూడదని. మేస్త్రీ కూలి దొరికే ఊళ్ళో, డబ్బిచ్చి వచ్చిన పిల్లలు మేస్త్రీ పని చెయ్యడం, మేస్త్రీ దాన్ని రాత్రి రెండోసారి చెయ్యడం. చదివినప్పుడు నాకు ఆ మేస్త్రీల మీద జాలి కన్నా గౌరవం ఎక్కువ కలిగింది. అతిథిని నొప్పించకూడదన్న మర్యాద అది. ఆ మర్యాదను వాడుకోవడమే తప్పు.

వంకర గోడను మళ్ళీ కట్టొచ్చు. అనాథాశ్రమాల విషయం అలా కాదు, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. విదేశీ స్వచ్ఛంద యాత్రల ప్రకటనల్లో చాలాకాలంగా పెద్ద ఆకర్షణ పసిపిల్లలే. రెండు వారాలు ఆశ్రమంలో పిల్లలను ఆడించి రమ్మంటారు. వినడానికి ఎంతో దయగా ఉంటుంది. కానీ కంబోడియాలో యూనిసెఫ్ పరిశీలిస్తే, ఆశ్రమాల్లో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. 2005 నుంచి 2010 లోపు అక్కడ ఆశ్రమాల సంఖ్య బాగా పెరిగింది. అనాథలు అంతగా పెరగలేదు, పెరిగింది చూడవచ్చేవాళ్ళూ వాళ్ళిచ్చే విరాళాలూ. నేపాల్‌లోనూ ఆశ్రమాల్లో ఎక్కువ భాగం కాఠ్మాండూ లోయ, పోఖరా, చిత్వన్ లాంటి పర్యాటక ప్రాంతాల్లోనే గుంపుగా కనిపిస్తాయి. చదువు చెప్పిస్తామని పేద తల్లిదండ్రులను ఒప్పించి కొండ పల్లెల నుంచి పిల్లలను తెచ్చిన సంఘటనలు బయటపడ్డాయి. పైగా ప్రతి రెండు వారాలకూ ఒక కొత్త అక్క వచ్చి, ఎత్తుకుని ముద్దాడి, ఏడుస్తూ వెళ్ళిపోతే, ఆ పసిమనసుకు విడిచిపెట్టబడటమే అలవాటవుతుంది. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ కూడా బాలల హక్కుల తీర్మానంలో ఈ ఆశ్రమాల స్వచ్ఛంద యాత్రల హానిని పేర్కొంది.

కాబట్టి పిల్లలకు అనాథాశ్రమంలో పని అని ఏ కార్యక్రమంలోనైనా కనిపిస్తే, అది ఎంత పేరున్న సంస్థ అయినా, వద్దనండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఇంత విన్నాక, మరి ఎందుకు పంపాలి అని అడగడం న్యాయమే. అందుకే అమ్మ ప్రశ్న దగ్గరికి వస్తున్నాను. తిండి పెట్టేది ఆ ఊళ్ళో ఒక అమ్మ. కోస్టారికాలో అయితే పొద్దున్నే గాయో పింటో, అంటే రాత్రి మిగిలిన అన్నాన్ని నల్ల చిక్కుడు గింజలతో పోపు పెట్టింది. చద్దన్నం తెలిసిన ఇంటి పిల్లకు అది పరాయి తిండి కాదు. పరాగ్వేలో ప్రతి భోజనంలోనూ ఉడికించిన కర్రపెండలం ఉంటుంది. సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో సగ్గుబియ్యంగా మారి మన పాయసంలోకి వచ్చేది ఆ దుంపే. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అమ్మమ్మ చేసే పాయసం మూలం తిన్నానని ఒక పిల్ల అక్కడి నుంచి ఫోన్ చెయ్యొచ్చు.

ఆ ఇంట్లో తెలిసేవి పుస్తకంలో దొరకవు. మన పిల్ల వేసవి అనుకుని వెళ్తుంది. మధ్య అమెరికాలో జూన్, జూలై నెలలు వానాకాలం, వాళ్ళు దాన్ని 'ఇన్వియెర్నో', అంటే శీతాకాలం అంటారు. పరాగ్వేలో అయితే అది నిజంగానే చలికాలం. స్కూల్లో నాలుగేళ్ళు స్పానిష్ చదివి వెళ్తే, పరాగ్వే పల్లెలో ఇంటిల్లిపాదీ గ్వారనీ మాట్లాడుకుంటారు. హిందీ నేర్చుకుని వచ్చినవాడిని పలనాడులో దింపినట్టు. ఇంకొకటి, కోస్టారికా, పనామాల్లో బడి సంవత్సరం ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో మొదలై డిసెంబరు దాకా సాగుతుంది. మన పిల్లకు సెలవులైనప్పుడు అక్కడి పిల్లలకు బడి. మొత్తం కార్యక్రమమే వచ్చేవాళ్ళ క్యాలెండరు ప్రకారం నడుస్తోందని, ఇంటివాళ్ళు తమ పనులు సర్దుకుని చోటిచ్చారని ఆ పిల్లకు ఎప్పుడో ఒకరోజు తట్టాలి.

ఆ ఇంటి అమ్మే ఇలిచ్ అడిగిన మనిషి. పళ్ళెం కడగకుండా లేస్తే ఆవిడ అంటుంది. చీకటి పడ్డాక ఇంటికి వస్తే ఆవిడ కోప్పడుతుంది. మన పిల్ల అక్కడి పిల్లలకు నేర్పిన పాట ఊళ్ళో ఎవరికీ నచ్చలేదని మొహం మీద చెప్పగలిగేదీ ఆవిడే. నాలుగో వారానికి ఆ కోపం అర్థమయ్యేంత భాష వస్తుంది. రెండు వారాల యాత్రకూ ఆరు వారాల బసకూ తేడా ఇక్కడే ఉంది.

కాలేజీ దరఖాస్తు సంగతి దాటవెయ్యలేం. చాలా ఇళ్ళలో అసలు కారణం అదే. 2003లో మొదలైన అధ్యక్షుడి స్వచ్ఛంద సేవా పురస్కారం పుణ్యమా అని అమెరికా తెలుగు పిల్లలకు సేవను గంటల్లో లెక్కపెట్టడం అలవాటైంది. కానీ 2016 జనవరిలో హార్వర్డ్ విద్యా విభాగం నుంచి వచ్చిన ఒక నివేదికను అనేక కాలేజీల ప్రవేశాల అధికారులు సమర్థించారు. దూరదేశాల్లో ఖరీదైన సేవ కన్నా సొంత ఊళ్ళో, సొంత కుటుంబంలో ఎక్కువకాలం నిలకడగా చేసిన పనికి విలువ ఇవ్వాలన్నది దాని సారం. ఇంట్లో తమ్ముణ్ణి చూసుకోవడం కూడా అందులో లెక్కే. కాబట్టి దరఖాస్తులో రాసే వ్యాసం కోసమే అయితే అంత డబ్బు పెట్టనక్కర్లేదు.

వెళ్ళాలనే నిర్ణయిస్తే కొన్ని సంగతులు ముందే అడిగి తెలుసుకోవాలి. పని ఏమిటో ఎవరు ఎంచారు, ఆ ఊళ్ళో సంస్థ ఎన్నేళ్ళుగా ఉంది, మన పిల్ల వెళ్ళిపోయాక దాన్ని ఎవరు చూస్తారు, ఇంటివాళ్ళ నేపథ్యాన్ని ఎలా పరిశీలించారు, అర్ధరాత్రి జ్వరం వస్తే ఏ ఆసుపత్రికి ఎంతసేపట్లో చేరుస్తారు. పిల్లకు ఇబ్బందిగా ఉంటే ఇల్లు మార్చమని అడగడానికి ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఇద్దరు తల్లిదండ్రులూ సంతకం చేసిన నోటరీ అనుమతి పత్రం మైనరు పిల్లల వెంట ఉండాలి.

వేసవి చివర్లో అటునుంచి అటే హైదరాబాద్ వచ్చి తాతయ్యను చూడాలనుకునేవాళ్ళకు ఒక మెలిక ఉంది. పనామా, కొలంబియా, ఈక్వడార్, పెరూ, పరాగ్వే వంటివి మన ప్రభుత్వం ఎల్లో ఫీవర్ దేశాలుగా గుర్తించిన జాబితాలో ఉన్నాయి. అక్కడి నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు ఇక్కడ దిగితే టీకా ధ్రువపత్రం చూపాలి, లేకపోతే క్వారంటైన్‌లో ఉంచొచ్చు. టీకా వేసుకున్న పది రోజులకు గానీ పత్రం చెల్లదు. 2016 నుంచి అది జీవితాంతం చెల్లుతుంది. ఇక్కడి నుంచే వెళ్ళేవాళ్ళకు హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో ఆ టీకా వేస్తారు. అయితే మన రెండు రాష్ట్రాల్లో బడులు జూన్ రెండో వారానికే తెరుచుకుంటాయి, ఈ కార్యక్రమాలేమో ఎక్కువగా జూన్ చివర్లో మొదలవుతాయి. ఇక్కడి పిల్లలకు అదో చిక్కు.

ఇంకో మాట. దీన్ని ఇచ్చిపుచ్చుకోవడం అంటారు గానీ, నడక దాదాపు ఒకవైపే. పనామా పల్లెలో మన పిల్లకు అన్నం పెట్టిన అమ్మ, తన కూతుర్ని హ్యూస్టన్ పంపాలంటే వీసా దగ్గరే ఆగిపోవచ్చు. ఈ లోటు తీరే దారి ఒకటి మన చేతిలోనే ఉంది. ఏఎఫ్ఎస్ లాంటి విద్యార్థి మార్పిడి సంస్థలు విదేశీ పిల్లలను భారత కుటుంబాల్లో కూడా ఉంచుతాయి. ప్రపంచ యుద్ధాల్లో గాయపడ్డవాళ్ళను మోసిన అంబులెన్స్ డ్రైవర్లు పెట్టిన సంస్థ అది. మన పిల్లను పంపే ముందో, పంపిన తర్వాతో, ఒక పిల్లను ఇంటికి తెచ్చుకోవచ్చు. ఎక్కడో ఒక తల్లి అప్పుడు మన గురించే అడుగుతూ ఉంటుంది, మా పిల్లకు తిండి ఎవరు పెడతారని. చెప్పులు గుమ్మం బయట విడవాలని, బకెట్లో చెంబు ముంచి ఎలా పోసుకోవాలో, ఎంగిలి చేత్తో గరిటె ఎందుకు ముట్టుకోకూడదో ఆ పిల్లకు మనం చెప్పాలి. మొదటి రోజు ఆవకాయ ఎంత కలపాలో పక్కన కూర్చుని చూపించాలి.